పెండ్లిపత్రికలకే మొరాయించే ల్యాప్‌టాప్

చింతామణి బస్టాండు వెనక సందులో నరసింహప్పది రేడియో రిపేరీ అంగడి. యాభై దాటాక ఆయన కంప్యూటర్లు కూడా నేర్చుకున్నాడు గానీ బోర్డు మాత్రం మార్చలేదు. ఆయనకొక పిచ్చి ఉంది. వస్తువు బాగైతే చాలదు, ఎందుకు చెడిందో తెలియాలి. తెలియకపోతే బాగైనదాన్ని కూడా తిరిగి ఇవ్వడు. అందుకే తొందర ఉన్నవాళ్లు ఆయన దగ్గరికి పోరు. నాకు తొందరే, అయినా పోయాను.

అది 2008 మాఘమాసం, పెండ్లిండ్ల కాలం. నేను ఇంట్లో కూచుని ప్రెస్సు గుండప్పకు కన్నడలో, తెలుగులో టైపు చేసి ఇచ్చేదాన్ని. మా ఆయన బెంగళూరులో సెకండ్‌హ్యాండులో కొన్న ల్యాప్‌టాప్‌తోనే నా పనంతా. అది ఉన్నట్టుండి నత్తనడక పట్టేది. ఒక అక్షరం కొడితే, అది తెర మీదికి వచ్చేలోపల పొయ్యి మీది పాలు చూసి రావచ్చు. రెండు పెండ్లిపత్రికలు ఆలస్యమయ్యాయి. మూడోది కూడా ఆలస్యమైతే పని వేరేవాళ్లకు ఇచ్చుకుంటానని గుండప్ప చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే నాకు భయమేసింది. ఆ పని పోతే ఆ ఇంట్లో నాకంటూ ఇంకేమీ లేదు.

అందరూ ఫార్మాట్ కొట్టించమన్నారు. నరసింహప్ప ఒప్పుకోలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ ప్రోగ్రామ్ ప్రాసెసర్ మీద ఎంత భారం వేస్తోందో గంటసేపు చూశాడు. వైరస్ లేదు. ఫ్యానులో దుమ్ము తీశాడు. అంగడిలో అది చక్కగా పరుగెత్తింది. ఇంటికి తెచ్చాక మళ్లీ మొదటికే వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడాయన ఒక నోటుబుక్కు ఇచ్చి, ఎప్పుడు నెమ్మదించిందో, ఆ సమయానికి ఏం టైపు చేస్తున్నానో రాయమన్నాడు. వారం రోజులు రాశాను. తాలూకు ఆఫీసు అర్జీలకు ఏ తంటా లేదు. పెండ్లిపత్రిక మొదలుపెట్టిన అరగంటకల్లా ప్రాసెసర్ నూటికి నూరు చూపించేది, ఫ్యాను రొద పెట్టేది. గణపతి బొమ్మ తీసేసి కొడితే మాత్రం బాగా నడిచింది. బొమ్మ చుట్టూ అక్షరాలు సర్దాలి కాబట్టి అది లేకుండా నా పని కుదరదు. ఆ బొమ్మనే నరసింహప్ప అంగడిలో పెట్టి చూస్తే ఏమీ కాలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. నా పని పోతుంటే ఈయనకు సంబరంగా ఉందని మనసులో తిట్టుకున్నాను.

"బొమ్మ తప్పు కాదమ్మా. నువ్వు కూచునే చోటు చూడల్ల నేను," అన్నాడు.

నోటుబుక్కులో నేను రాయని సంగతి ఒకటుంది. మా అత్త వనజమ్మ కొన్ని రోజులు, నేను పనిలో ఉండగానే వచ్చి, తన పట్టుశాలువా నాలుగు మడతలు వేసి ల్యాప్‌టాప్ కింద పరిచి పోయేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఎవరెవరో వాడి వదిలిన మిషన్ తన బల్లకు తగలకూడదని, నా మీద కోపం వచ్చిన రోజుల్లో అలా చేస్తోందని అనుకున్నాను. బయటివాళ్లకు చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మరునాడు నరసింహప్ప మా ఇంటికొచ్చాడు. మూడో పత్రిక తెరిచాను. తెర మీద గణపతి కనిపించగానే అత్త తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, శాలువా పరిచింది. నేను తల దించుకున్నాను. నరసింహప్ప మాత్రం ల్యాప్‌టాప్ ఎత్తి, అడుగున చెయ్యి పెట్టి చూశాడు. గాలి పీల్చుకునే రంధ్రాలన్నీ అక్కడే ఉన్నాయి. శాలువా వాటిని మూసేస్తే లోపల వేడెక్కి, కాలిపోకుండా ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుందని చెప్పాడు. ఆయనకది చాలలేదు.

"ఈ శాలువా ఎందుకేస్తాండావు వనజమ్మా?" అని అడిగాడు.

"సామి వచ్చి కూచునే చోటప్పా ఇది. ఉత్త బల్ల మీద ఎట్ల కూచోబెట్టేది? ఎన్ని పెండ్లిండ్లు ఈ పిల్ల చేతిలో మొదలైతాండాయో," అంది అత్త.

ఇన్నాళ్లుగా ఆ శాలువాను చూస్తూ ఒక్కసారి కూడా ఎందుకని అడగనందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

గాలి ఆడాలన్న మాట అత్తకు అర్థమైంది. లోపలికి పోయి, పాతచీరలో చుట్టిన తన పెండ్లిపీట తెచ్చింది. నా పెండ్లికి కూడా బయటికి తీయని పీట అది. శాలువా బదులు ల్యాప్‌టాప్ కింద పెట్టడానికి దానికి బెజ్జాలు వేయమని నరసింహప్ప చేతికిచ్చింది. ఆయన సంచిలోంచి డ్రిల్లు తీసి పట్టుకుని నా వైపు చూశాడు. ఈసారి నేనే అడిగాను, ఇంత దాచుకున్న పెండ్లిపీటకే ఎందుకత్తా బెజ్జాలని.

"ఈ పీట దిగినాక నాకు వంటిల్లు తప్ప ఇంకేమీ లేకపాయె. నీ పనన్నా నిలవనీలే," అంది.