రాజుగారి పెళ్ళికి అక్షింతలు

ఆ నాటకం గెలిచిందో ఓడిందో నాకు ఇప్పటికీ తేలలేదు.

సంస్కృత నాటకం చదువుకున్నవాళ్ళకే ఎందుకని మా పంతులు పేచీ. మా నాటక సమాజం నడిపేది ఆయనే. శ్లోకాలన్నీ మా పేట శాలిబండ జనం మాటల్లోకి దించి, పాలు పోసేవాళ్ళనూ బండ్లు తోలేవాళ్ళనూ ఇంటింటికీ వెళ్ళి పిలిచేవాడు. నిజాం జమానాలో నాటకం ఆడాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. ఒక టోకు వ్యాపారి పూచీ ఉండి, తన హవేలీ ముంగిలి ఇస్తేనే మాకు అది దొరికేది. గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు చివరిదాకా ఆడితేనే మళ్ళీ చోటిస్తానని ఆ సేఠు ముందే చెప్పాడు.

రాజు వేషం నాది. మొదట్లోనే నా పెళ్ళి. జనం ఊరికే కూర్చోకూడదని పంతులు అందరికీ అక్షింతలు పంచాడు. కిరీటం జారేలా విసిరారు, మనసారా దీవించారు. తర్వాత శాపం వల్ల అంతా మరిచిపోయి, నిండు సభలో ఆ రాణినే పట్టుకుని, నువ్వెవరో నాకు తెలియదనాలి. అన్నాను.

ముందు వరుసలో పాలమ్మే ముసలమ్మ ఒకతె లేచింది.

"మేమందరం అచ్చింతలేసినం గద బిడ్డా. ఎరుకలేదంటవేంది?"

వాళ్ళ వాడలో ఆలుమగల తగవొస్తే అక్షింతలు వేసినవాళ్ళే సాక్షులట. ఒకరి వెనుక ఒకరు లేచి నిలబడ్డారు. ఇది ఆట అని చెబుదామా? చెప్పాల్సింది రాజా, నేనా? తెరచాటున ఉన్న పంతులు వైపు చూశాను. ఆయన చెయ్యి ఎత్తాడు, మళ్ళీ దించాడు. దానికి అర్థమేమిటో దేవుడికే తెలియాలి. చివరికి గద్దె దిగి, "ఎరుకే అవ్వా" అనేశాను. రాణి వేషం వేసినవాడు ఏం చేయాలో పాలుపోక వచ్చి నా పక్కన నిలబడ్డాడు. జనం తృప్తిగా ఇళ్ళకు బయలుదేరారు. ఇంకా రెండంకాలు మిగిలే ఉన్నాయి.

సేఠు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. చోటు పోయిందని అర్థమై నాకు ఏడుపొచ్చింది. అంతా పాడుచేశానా అని పంతుల్ని అడిగి, తిట్లకు సిద్ధపడ్డాను.

"గంతమంది లేసి నిలబడ్డంక గూడ నువ్వు ఎరుకలేదంటే, రేపు నేను ఏం మొఖం పెట్టుకోని వాళ్ళను పిలుస్త?" అన్నాడాయన.

చోటే పోయాక ఇక ఎక్కడికి పిలుస్తాడో నాకు తోచలేదు.