వాకిట్లో ముగ్గు, ఇంట్లో మైల

మా ఇంట్లో ఒక్కసారి క్రిస్మస్ జరగబోయి ఆగిపోయింది. ఆపింది మా అత్తే అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం.

మా మరిది గల్ఫ్‌లో ఒక హోటల్లో పనిచేస్తూ, అక్కడే పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ హోటల్ మూతపడితే ఇద్దరూ మా ఊరు తర్లుపాడు వచ్చారు. నెలలోపే అతనికి ఇంకో దేశంలో పని దొరికింది. వీసా రాగానే పిలిపించుకుంటానని, అప్పటిదాకా వదిన చూసుకుంటుందని చెప్పి ఆమెను మా ఇంట్లో వదిలి వెళ్ళాడు. ఆ వదిన నేనే. చూసుకుంటావా అని నన్నెవరూ అడగలేదు. ఉంటావా అని ఆమెనూ అడిగినట్టు లేదు.

మా అత్త ఆమెను కష్టపెట్టిందంటే కళ్ళు పోతాయి. కారం లేకుండా పప్పు విడిగా తీసి పెట్టేది. సీతాఫలాల కాలంలో మంచి పండ్లు ఏరి ఆమెకే దాచేది. కానీ గేటు దాటనిచ్చేది కాదు. మొదటి వారం ఆమె ఒక్కతే సబ్బు కొనుక్కురావడానికి దుకాణం దాకా వెళ్తే, వెనక సగం వీధి బయల్దేరింది. ఆ రోజు నుంచి, ‘ఏం కావాలన్నా అక్కను అడుగు’ అన్నది ఇంట్లో చట్టమైంది. ఆ అక్క పద్దెనిమిదేళ్ళుగా మార్కాపురం పోవాలన్నా అడిగి పోతున్న మనిషని ఆమెకు తెలియదు. ‘నువ్వు ఎప్పుడు వెళ్తావు, అక్కా, బయటికి?’ అని ఒకసారి అడిగింది. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి అని చెప్పాను. ఇంకేమైనా ఉందేమోనని ఆలోచించాను, గుర్తు రాలేదు.

డిసెంబరు మొదలవగానే ఆమె మేదరి ఆయన దగ్గర వెదురు బద్దలు తెప్పించుకుని నక్షత్రం కట్టింది. వాళ్ళ దేశంలో ఇంటింటికీ కడతారట. ఎరుపు, పసుపు కాగితాలు అతికించి, లోపల చిన్న బల్బు పెట్టి, డాబా మీద పిట్టగోడకు వేలాడదీసింది. ఎంత బాగుందో! మరుసటి రోజు పొద్దునే ఎదురింటాయన గేటు దగ్గర ఆగి మా అత్తను పలకరించాడు.

“ఏంది వదినా, మీరు గూడ మతంలో కలిసినారా?”

అంతే, మధ్యాహ్నానికి నక్షత్రం కందుల బస్తాలు పెట్టే వెనక గదిలోకి చేరింది. ఆ గదికి కిటికీ లేదు. “గాలికి చినిగిపోతాదమ్మా, లోపలయితే భద్రం” అని మా అత్త ఎంతో ప్రేమగా చెప్పింది. ఆమె తలూపింది. సాయంత్రం నేను కందులు తీయడానికి వెళ్ళేసరికి ఆ బస్తాల మధ్య బల్బు వెలుగుతోంది, ఆమె ఎదురుగా కింద కూర్చుని ఉంది.

ఆరోజే అడిగింది, చర్చికి వెళ్దామా అని. మా డాబా ఎక్కితే చర్చి శిలువ కనిపిస్తుంది. బడి దాటి కాలనీలో ఉంది, నడిస్తే అయిదు నిమిషాలు. మన ఇళ్ళలో వాళ్ళు ఆ కాలనీలోకి పోరు, పోయినా ఓట్ల కోసం తప్ప పోరు అని ఆమెకు ఏ భాషలో చెప్పను? నాకొచ్చిన ఇంటర్మీడియట్ ఇంగ్లీషు చాలలేదు. తెలుగులో చెప్పడానికి సిగ్గేసింది. కొంచెం దూరం అన్నాను. ఆమె డాబా మీదకు చూసి నవ్వింది. ఆ నవ్వుకు తట్టుకోలేక, “పండగ పొద్దున నేనే తీసకపోతాలే” అని మాటిచ్చాను.

మాటిచ్చిన కొత్తలో బాగుంది. మా అత్తను అడిగి ఇద్దరం మార్కాపురం వెళ్ళి తెల్ల చీర కొన్నాం, సన్న నీలం అంచుది. రోజూ మధ్యాహ్నం మా అత్త కునుకు తీసే వేళకు గది తలుపేసుకుని చీర కట్టడం నేర్చుకునేది. కుచ్చిళ్ళు ఎన్నిసార్లు పెట్టినా జారేవి. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. ఆ ఇంట్లో నేను అంతగా నవ్వింది ఆ పది రోజులే.

పండగ నాలుగు రోజులుందనగా అర్ధవీడులో మా అత్త మేనమామ కొడుకు పోయాడు. ఆమె పొద్దున వెళ్ళి, చూసి, సాయంత్రానికి తిరిగొచ్చింది. పెరట్లో తలమీద నీళ్ళు పోసుకుని, తడి జుట్టుతోనే వంటింట్లోకి వచ్చి నా వైపు చూడకుండా అంది.

“మనకు మైల. పదకొండు రోజులు పండగలూ పబ్బాలూ ల్యావు. ఆ పిల్లకు నువ్వు చెప్పు. నీ మాటయితే ఇంటాది.”

మైల పట్టేది దాయాదులకు. అత్త పుట్టింటి వైపు మేనమామ కొడుకు పోతే మాకు తలస్నానంతో సరి. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, మా ఇంటి పాలేరుకూ తెలుసు. పైగా ధనుర్మాసం. మర్నాడు పొద్దున దేవుడి గదిలో దీపం పెట్టింది కూడా ఆమే. నేను ఎదురు చెప్పలేదు. భయపడి ఊరుకున్నానంటే కొంత మర్యాదగా ఉండేది. నిజానికి నా గుండెల మీంచి బరువు దిగింది. కాలనీలోకి నడిచి వెళ్ళే పని తప్పింది, తప్పు నాది కాకుండా తప్పింది.

ఆమెకు చెప్పాను. ఇంటి మనిషి పోతే పదకొండు రోజులు పండగ చేసుకోరు, దేవుడి దగ్గరికి పోరు, అది మా పద్ధతి అన్నాను. ఆమె కళ్ళు నిండాయి. పండగ పోయినందుకనుకున్నాను. కాదు. ఆయనకు పిల్లలున్నారా అని అడిగింది. తన నాన్న చనిపోయినప్పుడు గల్ఫ్‌లో సెలవివ్వలేదట, చివరిచూపుకు వెళ్ళలేకపోయిందట. “మీరు మంచివాళ్ళు అక్కా. దూరం మనిషికి కూడా ఆగుతారు” అంది. అప్పుడైనా నోరు విప్పాల్సింది.

ఆ మూడు రోజులూ నేను తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తూనే ఉన్నాను. ధనుర్మాసం ముగ్గు మానితే మా అత్త ఊరుకుంటుందా? మైల ఉన్న ఇంటి ముందు ముగ్గు పడదని ఆ అమ్మాయికి తెలియదు కాబట్టి మాకు ఇబ్బంది లేకపోయింది. రంగుల డబ్బాలు పట్టుకుని ఆమే నా పక్కన కూర్చునేది. క్రిస్మస్ రోజు పొద్దున ఎరుపు, పచ్చ ఎక్కువ కావాలంది. పువ్వుల్లో ఆ రెండు రంగులే నింపింది.

తర్వాత చర్చి మైకులో పాటలు మొదలయ్యాయి. ఆమె డాబా ఎక్కి పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. మాటలు తెలుగువి, రాగం మాత్రం తనకు తెలుసంది. నేను ఉప్మా పైకే తీసుకెళ్ళాను, ఇద్దరం తిన్నాం. పాటలు ఆగేదాకా ఆమె కిందికి దిగలేదు.

ఎండెక్కాక మా ఇంట్లో అంట్లు తోమే ఆమె కొత్త చీర కట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఆమెది ఆ కాలనీయే. ఏటా పండగ రోజు ఒక అరటిపండ్ల చెయ్యి, బేకరీ వాళ్ళు తాడు కట్టిన కేకు డబ్బా తెచ్చి ఇస్తుంది. తన ఇంట్లో వండినవి మేము తినమని ఆమెకు తెలుసు. పండ్లు మేము తినేవాళ్ళం, కేకు ట్రాక్టరు డ్రైవరుకు పోయేది. ఈసారి వాటితోపాటు చిన్న స్టీలు డబ్బా కూడా ఉంది. డాబా దిగి వచ్చిన అమ్మాయికి దాన్ని అందించింది.

“కజ్జికాయలు తల్లీ. ఇంట్లో చేసినా, నీ కోసరమే.”

ఆ అమ్మాయి చేతులు జోడించింది. “వద్దు అమ్మా. మైల.”

“మైలేంది? ఎవరు పోయినారు?”

వసారాలోంచి మా అత్త అందుకుంది. “అర్ధవీడు ఆయన పోయినాడు కదమే, మా మేనమామ కొడుకు.”

“ఆయన మీ పుట్టింటి తట్టు కద పెద్దమ్మా, ఈ ఇంటికి యాడ అంటాది?” ఆమె నవ్వుతూనే కిందికి చూపించింది. “మైలయితే వాకిట్లో ఇంత ముగ్గేంది?”

ముగ్గు, మైల. ఆ రెండు మాటలూ నేను నేర్పినవే. ఆ అమ్మాయి తను రంగులు నింపిన పువ్వుల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను తల దించుకోవడంతో ఆమె ఏదీ అడగాల్సిన పని లేకపోయింది.

“చర్చి?” అంది ఆ అమ్మాయి గేటు దగ్గరి ఆమెతో, చెయ్యి అటు చూపించి.

“అయిపాయ తల్లీ. ఇప్పుడే లేచినాం.” తనేదో అనకూడనిది అన్నానని ఆమెకు అప్పటికి అర్థమైంది. కొంగు సర్దుకుంటూ రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ అమ్మాయి డబ్బా తీసుకుంది. మూత తీసి ఒక కజ్జికాయను రెండుగా విరిచింది. సగం అక్కడే నిలబడి తిన్నది. మిగతా సగం నా ముందు పట్టింది. కోపంగా కాదు, మామూలుగా, పొద్దున నేను ఉప్మా గిన్నె అందించినట్టే. గేటవతల తెచ్చిన మనిషి చూస్తోంది. వసారాలో మా అత్త లేచి నిలబడింది.

“నాకీరోజు ఒక్కపొద్దు” అన్నాను.

ఆమె తలూపింది. రెండు గంటల కిందట నాతో కలిసి ఉప్మా తిన్న మనిషి తలూపింది. ఆ ముక్క నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. తెల్ల చీర ఆ తర్వాత ఎప్పుడూ కట్టలేదు.

నేను చెయ్యి కొంగు కింద దాచుకుని పెరట్లోకి వెళ్ళి, స్నానాల గది వెనక నిలబడి ఆ ముక్క తినేశాను. బెల్లం, కొబ్బరి, కాస్త యాలకుల వాసన. మా ఇంట్లో చేసేవాటికన్నా బాగుంది. ఏడుస్తూ తిన్నాను, నమిలిన చప్పుడు వినపడుతుందేమోనని భయపడుతూ తిన్నాను.

మార్చిలో ఆమెకు వీసా వచ్చింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ప్రతి క్రిస్మస్‌కూ వీడియో కాల్ చేసి, ముగ్గు చూపించు అక్కా అంటుంది. ఫోను పట్టుకుని గేటు దాకా వెళ్ళి చూపిస్తాను. అన్నీ మాట్లాడుకుంటాం. ఆ కజ్జికాయ తిన్నానని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. చెబితే, మరి నా ముందే ఎందుకు తినలేదక్కా అని అడుగుతుంది.