మూసిన రెప్పల కింద

దయ్యాల కథలు చెబితే నవ్వే మనిషిని నేను. జువాలజీ చదివి, హోసూరులో మందులను ఎలుకల మీద పరీక్షించే ల్యాబులో పనిచేశాను. అందుకే దీన్ని దయ్యం అనను. ఏమనాలో తెలియదు.

మా నల్ల ఎలుకల్లో కొన్ని కుడికన్ను లేకుండానో, ఆవగింజంత కన్నుతోనో పుట్టేవి. ఏ మందూ ఇవ్వకపోయినా అంతే. "తానుగా వచ్చింది" అనేవాళ్లం.

ఒక ఉదయం, ఈనిన ఎలుక పెట్టె మూత తీస్తే లోపల పరిచిన రంపపుపొట్టు నిండా నెత్తురు. తల్లి తన పిల్లల్లో కొన్నిటి గొంతులు కొరికేసింది. మిగతావి దాని కింద వెచ్చగా పడుకున్నాయి. పుట్టాక చాలా రోజుల దాకా ఎలుకపిల్లల రెప్పలు విడవవు. మా ల్యాబు డాక్టరు చచ్చినవాటి రెప్పలు కోసి చూశారు. ఒక్కదానికీ కుడికన్ను లేదు. బతికినవి తర్వాత రెండు కళ్లూ తెరిచాయి.

"కండ్లు ఇడవకముందే దీనికెట్ల తెలిసెనమ్మా?" అంది నాతో పనిచేసే మంగక్క.

వాసన వల్ల కావచ్చన్నారు డాక్టరు. నమ్మాను.

కొన్నాళ్లకు పొట్టు మార్చబోతే అదే ఎలుక నా చేతి మీదుగా పాకి పొత్తికడుపు మీదికి దూకింది. బట్టలు దాటి పళ్లు దిగాయి. లాగితే చర్మం చిరిగింది గానీ అది వదల్లేదు. మంగక్క తోక పట్టి పీకి పెట్టెలో పడేసి మూత వేసింది. అయినా నా వైపే ఎగురుతూ, మూతి పగిలి నెత్తురు కారేదాకా మూతకు తల బాదుకుంది.

"ఇంకేడా దొరకలేదా దీనికి, కడుపే కావాల్నా? మీ ఇద్దరికీ ఏం పగమ్మా?" అని నవ్వింది మంగక్క.

నాకు నవ్వు రాలేదు. అప్పుడు నాకు మూడో నెల. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుతో పని మానేశాను.

నెలలు నిండాక కృష్ణగిరి ఆసుపత్రిలో పాప పుట్టింది. కుడికన్ను బాగా చిన్నది.

కాటు వల్లేనా అని కంటి డాక్టరమ్మ ముందు ఏడ్చాను.

"కాదమ్మా. అది కరిచేటప్పటికే కన్ను ఏర్పడిపోయుంటుంది. నువ్వు చేసిందేం లేదు. తానుగా వచ్చింది."

ల్యాబులో మేం అనే మాటే అది. అంటే ఎలుక దూకేనాటికే కడుపులో పాప కన్ను అలా ఉంది.

పాప ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. మెలకువగా ఉంటే ఒక్క కంటితోనే నన్ను వెతికి పట్టుకుని నవ్వుతుంది. రెప్పలు మూస్తే రెండు కళ్లూ ఒకేలా ఉంటాయి. కన్న నాకే తేడా తెలియదు.

ఆ ఎలుకకెలా తెలిసిందో నేను ఇప్పటికీ చెప్పలేను. దేనికోసం దూకిందో మాత్రం తెలుసు. అందుకే పాప మీద చెయ్యి వేయకుండా పడుకోను.