దరువు లేని పాట నేర్పిన పెద్దమ్మ

పోయిన ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే మహబూబాబాద్ నుంచి అక్క ఫోన్ చేసి, "పెద్దమ్మ పోయింది, నిద్రలోనే" అంది. కళ్లు తుడుచుకుంటూనే కూర్చున్నాను గానీ, ఆమె మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చి నవ్వు ఆగలేదు.

పెద్దమ్మ చిన్నప్పుడు కాన్వెంటు హాస్టల్లో పెరిగింది. అక్కడి ముసలి సిస్టర్ల దగ్గర వందల ఏళ్లనాటి లాటిన్ ప్రార్థన గీతాలు నేర్చుకుంది. వాటికి వాయిద్యం ఉండదు, తాళం ఉండదు. ఎందరు పాడినా ఒకటే వరస. చిల్పూర్ దగ్గరి మా ఊళ్లో నాట్లకు పోయే ఆడవాళ్లను, వాళ్లతో పాటు నన్నూ సాయంత్రాలు కూర్చోబెట్టి అవే నేర్పింది. స్వరం ఎక్కేచోట చెయ్యి పైకెత్తేది. దిగేచోట నిద్రపోయిన పిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దించేది. "అందరు ఒక్కపారే ఊపిరి తీయకుండ్రి. నువ్వు ఆగితే పక్కామె మోస్తది" అనేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో జనగామలో చర్చి పండుగకు మమ్మల్ని పాడమన్నారు. ముందుగా వినడానికి కోస్తా నుంచి వచ్చిన సంగీతం మాస్టారు, "లాటిన్ కూడా ఈ యాసలోనేనా?" అని నవ్వాడు. మావాళ్ల ముఖాలు వాడిపోయాయి. ఇంటికొచ్చాక ఒకామె ఇక పాడనంది.

పెద్దమ్మ బియ్యం చెరుగుతూనే, "గా భాష ఇంట్ల మాట్లాడేటోళ్లు ఇయ్యాల ఎవ్వరున్నరు బిడ్డా? మన యాస తప్పని ఎవ్వడొచ్చి చెప్తడు?" అంది. పాడనన్న ఆమే అందరికన్నా ముందు నవ్వింది.

పండుగనాడు ట్రాక్టర్లో పోతుంటే దారిలో ఉద్యమకారులు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. బండ్లన్నీ ఆగిపోయాయి. డప్పు మెడలో వేసుకున్న ఒకతను వచ్చి, "ఏడికి పోతున్నరు అవ్వా?" అన్నాడు.

"చర్చిల పాడేతందుకు."

"అయితే ముందుగాల ఈడ పాడుండ్రి."

పెద్దమ్మ దిగింది. మేమూ వెనకే నిలబడి పాట ఎత్తుకున్నాం. అతను రెండుసార్లు డప్పు మీద తట్టి చూసి, ఊరుకున్నాడు. పాట అయిపోయాక, "దరువేది అవ్వా?" అని అడిగాడు.

"దీనికి దరువుండది కొడుకా. ఊపిరే."

"అండ్ల ఏమంటున్నరు?"

"మా గోస జర ఇను దేవా, అని."

అతను, "మేమడిగేది గదే గద" అన్నాడు. మాకు అన్నం పెట్టి, ముఖాలకు గులాల్ పూసి, పొయ్యిరాళ్లు పక్కకు జరిపి ట్రాక్టర్‌కు దారిచ్చారు.

ఆ యాసతోనే పాడాం. తర్వాత మాస్టారే పెద్దమ్మ దగ్గరికొచ్చి, వచ్చే ఏడూ రమ్మన్నాడు. ఇప్పుడు భూపాలపల్లిలో నేనూ కొందరికి ఆ పాటలు నేర్పుతున్నాను. ఆమె పెట్టిన భిక్షే అది.

ఆ రోజు ఆలస్యమై ముఖాలు కడుక్కునే వీల్లేకపోయింది. తెల్లచీరలో, చెమటకు గులాల్ చెంపల మీంచి మెడలోకి కారుతుంటే, కళ్లు మూసుకుని మొదటి స్వరం అందుకుంటున్న పెద్దమ్మే నాకిప్పటికీ కనిపిస్తోంది.