సగం మాత్రలు, పూర్తి అట్టలు

“ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదవ్వా?”

“అడిగినోళ్లెవురే? లెక్క రాసుకునేకి నువ్వు పంపిన పిల్లకాయలు వచ్చి ఖాళీ మాత్రల అట్టలు చూపించమన్నారు, చూపించినాము. అన్నీ నువ్వే మింగినావా అని ఒక్కరన్నా అడిగినారా?”

“ఒకరికిచ్చిన మాత్ర ఇద్దరు తింటారని ఎవరనుకుంటారు?”

“కాటన్‌పేటలో పుట్టి పెరిగినదానివి, నువ్వు అనుకోవాల.”

నా మనవరాలు చేతిలోని కాగితాలు మంచం మీద పెట్టేసింది. ఆమె డాక్టరే కానీ రోగుల్ని చూడదు. సర్కారు ఇచ్చే మందులు జనానికి ఎలా అందుతున్నాయో, వాటితో మేలు జరుగుతోందో లేదో పరిశోధించి పేపర్లు రాస్తుంది. పెద్ద ఉద్యోగానికి దరఖాస్తు మరుసటి రోజే ఇవ్వాలి. అందులో తను రాసిన పేపర్ల పట్టిక ఉండాలట. ఒక్కోదాన్ని ఎంతమంది తమ రాతల్లో ఉదహరించారో కూడా పక్కనే చూపించాలట. ఆ సంఖ్యను బట్టే మనిషిని తూకం వేస్తారు.

నా చదువు నాలుగో తరగతితో సరి. అయినా ఆమె ఏది రాసినా అందులో ఏముందో నాకు తెలుగులో చెప్పి తీరాలి. అది మా ఇంట్లో నేను పెట్టిన నియమం. నాకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆమెకూ సరిగా అర్థం కానట్టే. ఆ మధ్యాహ్నమంతా అలా ఒక్కో పేపరూ చెప్పుకుంటూ వచ్చింది. అన్నిటికంటే ఎక్కువమంది ఉదహరించిన పేపరు దగ్గరకు వచ్చేసరికి ఆమె గొంతులో గర్వం వినిపించింది. అది మా పేట సందుల్లో తన పిల్లకాయల్ని తిప్పి రాసిందే. జనం బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నారు, అట్టలు సమయానికి ఖాళీ అవుతున్నాయి, అయినా బీపీ దిగడం లేదు. కాబట్టి ఇస్తున్న మాత్ర చాలదు, మొదటి నుంచే ఇంకా బలమైనది ఇవ్వాలి. ఇదీ అందులోని సారం.

అక్కడ ఆపమని, అసలు సంగతి చెప్పాను.

ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఊరికే ఇస్తారు, నిజమే. కానీ పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడాలి. నేనూ నా తోడికోడలూ ఇద్దరం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని నేనొక్కదాన్నే పోయి, నా పేరు మీద తెచ్చిన మాత్రను అడకత్తెరతో రెండు ముక్కలు చేసి చెరొకటి వేసుకునేవాళ్లం. దీన్ని పొదుపు అనుకున్నాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లకూ నేర్పించాను. ఎవరి అట్ట చూసినా లెక్క ప్రకారమే ఖాళీ అయ్యేది.

ఇదంతా విని నా మనవరాలికి కోపం వచ్చింది. ఆ తరువాత భయం వచ్చింది. పట్టికకు బలమంతా ఆ పేపరేనట. ఇప్పుడు తప్పని చెబితే మిగతావాటినీ అనుమానంగా చూస్తారట. ఉద్యోగం వచ్చేదాకా ఊరుకుంటే ఏమని నన్నే అడిగింది.

“నీ రాతను నమ్మి ఏ ఊర్లోనో డాక్టరు బలమైన మాత్ర ఇస్తాడు. అక్కడి ముసల్ది మా మాదిరి తుంచుకోకుండా నిండు మాత్ర మింగుతాది. కండ్లు తిరిగి పడితే ఎవురు లేపేది? ఇంతమంది నీ మాట ఎత్తుకున్నారంటే తప్పు అంత దూరం పోయిండాదని.”

ఆమె ఆ పేపరును మిగతావాటి నుంచి తీసి పక్కన పెట్టింది. తరువాత, “ఉద్యోగం రాకపోతే?” అంది.

“మళ్లా అడుగు, మళ్లా రాయి. చెయ్యి బాగానే ఉండాది కదా. తుంచడం నేర్పించింది నేనని కూడా రాసుకో, నాకేం సిగ్గు లేదు.”

ఎన్ని ఇళ్లలో ఇలా చేస్తున్నారని అడిగింది. మా సందులో ఆరేడు నాకు తెలుసునని, తెలియనివి ఈసారి తనే పోయి అడగాలని చెప్పాను.

మరుసటి రోజు పొద్దున కాఫీ కూడా తాగకుండా ఆ పేపరు వేసిన పత్రికకు ఉత్తరం పంపింది. దరఖాస్తులో ఆ పేపరును తీసేయలేదు. దాని కిందే, ఇందులో పొరపాటు ఉంది, పత్రికకు తెలియజేశాను అని రాసి, తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది. నేను నా తోడికోడల్ని వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పోయాను. ఆమె దారి పొడవునా సణిగింది. వరుసలో నా వెనకే నిలబడింది. ఆమె పేరుతో వేరే చీటీ రాసి, మాత్రలు వేరేగా ఇచ్చారు.