అద్దంలో గీకేసిన మనిషి

రాంగోపాల్‌పేటలో నా ఫొటో స్టూడియోకు వెలుతురు పైకప్పు గాజులోంచి వచ్చేది. తెలివి మాత్రం ఎటునుంచీ వచ్చేది కాదు.

చీరల దుకాణాల క్యాలెండర్లకు కూర్చోవడమే వృత్తిగా ఉన్న ఒకామె చిలకలగూడ నుంచి వచ్చేది. నాకో పాడు అలవాటు. మాటతో చెప్పకుండా గడ్డం పట్టుకుని ముఖం తిప్పేవాణ్ణి. పట్టుచీరల పని కదా, పట్టు నాదే అనుకునేవాణ్ణి.

"చెప్తే తిరుగుత గదన్నా, పట్టుడెందుకు? నేనేమన్న తాళం కప్పనా?" అందొకసారి. నవ్వాను. మళ్లీ పట్టుకున్నాను.

పోలీసు యాక్షన్ అయిన నెలలోనే ఆమె మళ్లీ వచ్చింది. గొడవల్లో నల్లగొండ వైపు పోయిన భర్త ఇంకా ఇల్లు చేరలేదు.

"ఇయ్యాల జెర తలుపు దిక్కు కూసోబెట్టన్నా. ఈడ ఉంటనని ఇంటిపక్కోళ్లకు చెప్పొచ్చిన. వస్తే కనబడ్తడు."

"వెలుతురు అటు లేదమ్మా," అని గడ్డం పట్టి గోడవైపు తిప్పాను. ఆమె వెనక నిలువుటద్దం. లెన్సు మూత తీసి, "కదలకు" అని లెక్క మొదలుపెట్టాను. మూడు దగ్గర, గుమ్మంలో ఎవరో దగ్గారు. ఆమె లేవబోయింది.

"గాజు ప్లేటు పాడవుతుంది," అన్నాను. ఆమె కదల్లేదు. లెక్క తప్పుతుందని నేనూ గడియారం మీంచి చూపెత్తి వెనక్కి తిరగలేదు.

మూత పెట్టగానే పరుగెత్తింది. వీధిలో ఎవరూ లేరు.

"మా ఆయన దగ్గేనన్నా. రెండుసార్లు దగ్గి, ఆగి, ఇంకోసారి."

ప్లేటు కడిగితే అద్దంలో గుమ్మం, గుమ్మంలో మసకగా ఒక మనిషి కనిపించాడు. దుకాణం సేటు చూసి, "ఈ దయ్యం ఏందీ? చీరలమ్మాల్నా, భయపెట్టాల్నా?" అన్నాడు. అక్కర్లేనిది ప్లేటు మీద కత్తి మొనతో గీకి, అచ్చులో నల్లగా పడేట్టు చేయడం మా పనిలో మామూలే. గుమ్మమంతా గీకేశాను. అంత శుభ్రంగా ఎన్నడూ గీకలేదు.

మర్నాడు ఆమె వచ్చింది. "అద్దంల పడ్డడేమోనన్నా. జెర చూపియ్యి. అవునో కాదో తెలిస్తే సాలు."

తీయడానికీ తీసేయడానికీ ఒక్క అక్షరమే తేడా. ప్లేటు చేతికిచ్చాను. వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈడనే గద," అని గీకినచోట వేలు పెట్టింది.

భర్త రాలేదని తర్వాత విన్నాను. ఆమె కూడా మళ్లీ నా గుమ్మం తొక్కలేదు. క్యాలెండరు మాత్రం ఇంకా నా గోడకే ఉంది. అందులో ఆమె నేను తిప్పినట్టే, తలుపు చూడకుండా కూర్చుని ఉంది. గుమ్మంలో ఎవరు దగ్గినా ఇప్పుడు కదిలేది నేనే.