ఆ సన్నాయి పేరు నసీమా

మా ఆసుపత్రి బస్సు నడిపే బాబాయి పోయిన నెల చనిపోయారు. మధ్యాహ్నం షిఫ్టు నర్సులను గేటు దగ్గర దింపి, బస్సు పక్కకు తీసి, స్టీరింగు మీద తల ఆనించారట. కునుకు తీస్తున్నారనుకున్నారు అందరూ. ఆయనతోపాటు పనిచేసే పాకిస్తానీ డ్రైవరు మా వార్డు దాకా పరుగెత్తుకొచ్చి, "సిస్టర్, చాచా ఉఠ్ నహీ రహే" అన్నాడు. బాబాయి లేవడం లేదట. నేను కిందికి వెళ్లి చెయ్యి పట్టుకుని చూశాను. నాడి లేదు. కళ్లు మూసింది కూడా నేనే.

ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు సౌదీలోని ఈ అభాలో నాతో ఉండే తెలుగు నర్సులందరూ చూశారు. సొంత తండ్రి పోతే ఏడ్చినట్టు ఏడ్చాను. రెండు రోజులు తిరక్కముందే ఆ ఏడుపును వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన సన్నాయి గురించి చెప్పాలి.

ఆయనది కడప వైపు. దూదేకులవాళ్లు. తాతల నాటి నుంచి పెళ్లిళ్లకు సన్నాయి వాయించే ఇల్లు. నాది భీమవరం పక్కన పల్లె. కొత్తలో ఒకసారి బస్సులో "బాబాయిగారూ, కాస్త ఆపండి" అన్నాను. అద్దంలోంచి చూసి నవ్వారు.

"మా పక్క చిన్నాయన అంటారు పాపా. బాబాయంటే ఇంకెవురినో పిలిచినట్టుండాది. సరేలే, నీ నోటికి ఏదొస్తే అట్నే పిలువు."

సన్నాయి గొంతు పెద్దది. డ్రైవర్లు ఆరుగురు పడుకునే గదిలో దాన్ని బయటికి తీయడం కుదరదు. అందుకని సెలవు దొరికిన శుక్రవారం, నమాజు అయ్యాక, కొండ అంచుకు వెళ్లేవారు. నన్నూ, నా గదిలో ఉండే ఇద్దరు నర్సులనూ తీసుకెళ్లేవారు. మేం అన్నం డబ్బాలు విప్పేలోపే జూలున్న పెద్ద కోతులు చుట్టూ చేరేవి. ఆయన మాత్రం లోయ వైపు తిరిగి బండ మీద కూర్చుని, సన్నాయి కొసకు తగిలించే పీకను నోట్లో ఒక మూలన పెట్టుకుని నానబెట్టేవారు.

"తాళండి. నసీమా గొంతు ఎండిండాది."

నసీమా అంటే ఆ సన్నాయే. చలి రోజుల్లో దానికి ఉన్ని గుడ్డ చుట్టి "నసీమాకు సలేస్తాది" అనేవారు. స్వరం సరిగ్గా పలక్కపోతే "ఈ పొద్దు అలిగింది" అని ఒళ్లో పడుకోబెట్టుకునేవారు. మేం నవ్వేవాళ్లం. సన్నాయికి పేరేమిటి బాబాయిగారూ అని అడిగితే, "నసీమా అంటే సల్లగాలి. గాలితో పలికేదానికి ఇంకేం పేరు పెట్టల్ల?" అన్నారు.

ఏది అడిగినా వాయించేవారు, ఒక్కటి తప్ప. పెళ్లికూతుర్ని అప్పగించేటప్పుడు వాయించే పాట వాయించమని నేను రెండు మూడుసార్లు అడిగాను. "అది మాత్రం నసీమా పలకదు పాపా" అనేవారు. నేను బలవంతపెట్టలేదు.

నేను వచ్చిన మూడో ఏడు, ఊళ్లో మా అమ్మ దగ్గర ఉన్న నా కూతురికి జ్వరం వచ్చింది. ఐదేళ్లది. సోమవారం ఫోనులో నాతో మాట్లాడింది, గురువారానికి లేదు. ఊరికెళ్లి రావడానికి కావలసిన రీఎంట్రీ వీసా నా చేతికొచ్చేసరికి అంతా అయిపోయింది. నేను వెళ్లి చూసింది మట్టినే. నెల తిరక్కుండా తిరిగి డ్యూటీకొచ్చాను. పేషెంటు నుదుటి మీద చెయ్యి వేస్తే వేడి తగిలి చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని.

ఒకరోజు అందరూ దిగిపోయినా నేను బస్సు దిగలేదు. బాబాయి ఇంజను ఆపి, వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

"పాపా, నేను గూడా బిడ్డను పోగొట్టుకున్నోన్నే" అన్నారు. "నసీమా నా కూతురు పేరు. పద్దెనిమిదేండ్లు. మూడు దినాలు జ్వరం. మూడో దినం నీళ్లడిగింది. చెంబు తీసుకోని వచ్చేలోపల…"

ఆగిపోయారు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నారు. ఈ దేశంలో నా బాధ తెలిసిన మనిషి ఒక్కరున్నారని ఆ క్షణంలో అనిపించింది.

"బిడ్డ పోయినంక పేరు నోట్లోనే మిగిలిపోతాది పాపా. దాన్ని లోపల్నే ఎండబెట్టుకోగూడదు. ఎట్నో ఒకట్ల పిలుస్తాండల్ల. నేను దీన్ని పిలుచుకుంటాండా. నువ్వూ పిలువు."

పిలిచాను. గదిలో ఎవరూ లేనప్పుడు గోడకేసి పిలిచాను. కొండ అంచున నిలబడి పిలిచాను. అలా పిలవగా పిలవగా ఒకరోజు నాకు అన్నం రుచి తెలిసింది. ఆయన చెప్పిన ఆ మాటే నన్ను మనిషిని చేసింది.

ఏటా నా కూతురు పోయిన రోజున ప్రార్థన చేసుకుంటాను. దాని పేరు పక్కన నసీమా పేరు కూడా చేర్చుకునేదాన్ని. ఆరేళ్లు చేర్చాను. ఒకసారి ఆ సంగతి బాబాయికి చెప్పాను. తల వంచుకుని స్టీరింగును గుడ్డతో తుడుస్తూ ఉండిపోయారు. చివరికి "మంచిది పాపా" అన్నారు. ఆ ఒక్క మాటే.

ఆయన పోయాక, ఇక్కడే ఖననం చేయడానికి ఇంటివాళ్ల సమ్మతి కాగితం కావాలన్నారు. ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్లెవరూ లేరు. ఆయన ఫోను నా చేతికిచ్చారు. అందులో తమ్ముడి నంబరుంటే చేశాను. ఆ తమ్ముడు కాసేపు ఏడ్చి, తేరుకున్నారు.

"నేను సంతకం పెడితే సాలదేమోమ్మా. కూతురుండాది గదా, ఆయమ్మి పెట్టల్ల."

"ఏ కూతురండీ?"

"ఎంతమందుండారు? ఒక్కతే. నసీమా. ప్రొద్దుటూర్లో ఉండాది, మాయన్నే మాట్లాడకుండా వదిలేసినాడు. నంబరు రాసుకో."

రాసుకున్నాను. నా చేతిరాత నాకే అర్థం కాలేదు. మెట్ల మీద కూర్చుని ఆ నంబరుకు చేశాను. రెండోసారి రింగు కాగానే ఎత్తింది.

"నేను నసీమాను మాట్లాడేది. చెప్పండి."

ఆరేళ్లపాటు నేను ప్రార్థన చేసిన చచ్చిపోయిన అమ్మాయి నాతో మాట్లాడుతోంది.

"చిన్నాయన ఇప్పుడే చెప్పినాడు. కాగితం పంపండి, సంతకం పెడ్తా" అంది. కొంచెం ఆగి, "నొప్పి పడినాడా?" అని అడిగింది.

"లేదమ్మా. నిద్రపోయినట్టే పోయారు."

"సరే."

ఖననానికి ఆడవాళ్లం వెళ్లలేదు. వెళ్లే వీలున్నా వెళ్లేదాన్ని కాదేమో. పాకిస్తానీ డ్రైవరు ఆయన సంచి తెచ్చి నాకిచ్చాడు. ఉన్ని గుడ్డలో సన్నాయి. విప్పలేదు. నా గదిలో ఉన్నవాళ్లు నన్ను సముదాయించబోయారు. ఆయన మనసులో ఆ పిల్ల చచ్చిపోయినట్టే కదా, దాన్ని అబద్ధమనకూడదన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిన కూతురికీ, మాట్లాడకుండా వదిలేసిన కూతురికీ తేడా నాకు తెలుసు. ఒకరికి ఫోను చేయొచ్చు. ఆయన జేబులో ఫోను పెట్టుకుని నా పక్కన కూర్చుని ఏడ్చారు.

వారం తర్వాత సన్నాయి ఎలా పంపాలో అడగడానికి మళ్లీ చేశాను. ఈసారి తనే వీడియో పెట్టింది. గడ్డం అచ్చం ఆయనదే.

"అక్కా, ఒక మాట అడుగుతా. నేను సచ్చిపోయినానని చెప్పినాడా ఆడ?"

నేను తెర మీంచి చూపు తిప్పుకున్నాను.

"ఈడ గూడా అట్నే చెప్పినాడులే. నేను మా ఇస్కూల్లో అయివారిని చేసుకున్న్యా. మతం వేరే. ఊర్లో అందరి పెండ్లిండ్లకూ వాయించినోడు, నా పెండ్లి దినం సన్నాయి సంకలో పెట్టుకోని బొంబాయి రైలెక్కినాడు. పదకొండేండ్లాయె."

"మూడు రోజులు జ్వరమన్నారమ్మా. నీళ్లడిగావన్నారు." నోరు జారింది.

తను నవ్వింది. కళ్లు మాత్రం నిండాయి. "ఆ జ్వరం నిజమేనక్కా. నాకు ఎనిమిదేండ్లప్పుడు వచ్చింది. మూడు దినాలు నన్ను ఒళ్లోనుంచి దించలే. నీళ్లడిగితే తెచ్చి తాపినాడు. బతికినా."

సన్నాయికి నీ పేరే పెట్టుకున్నారు, పంపిస్తానని చెప్పాను.

"నా పేరా?" అంది. "ఒక్కసారి ఫోను చేసి పిలిచింటే పలికేదాన్ని గదక్కా. పలికే దాన్ని నన్ను వదిలేసి కొయ్యను పిలుచుకున్న్యాడా? నాకొద్దు. నువ్వే ఉంచుకో. లేకుంటే ఎవురికన్నా ఇచ్చెయ్."

సన్నాయి నా అల్మారాలోనే ఉంది. దానికి పీక తడపడం నాకు రాదు. ఆ పేరుతో పిలవడానికి ఇక నోరు రాదు. ఆయన్ని తలుచుకుంటే కోపం వస్తుంది. ఆ కోపంలోనే, ఆ రోజు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోకపోయి ఉంటే నేనేమైపోయేదాన్నో అని కూడా అనిపిస్తుంది. నన్ను బతికించిన మాట నిజమైన మాటే. దాన్ని చెప్పడానికి ఆయన బతికున్న బిడ్డను పాతిపెట్టారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎలా మోయాలో ఆయన నాకు నేర్పలేదు.

నసీమాతో వీడియోలో మాట్లాడిన రోజు ఫోను పెట్టేయబోతుంటే అవతల ఎవరో పిల్ల "అమ్మా, గుండీ ఊడిపాయ" అంటూ వచ్చింది. బడి గౌను వేసుకుని ఉంది.

"అట్నే ఉండక్కా, ఒక్క నిమిషం" అని నసీమా ఫోనును దేనికో ఆనించి పెట్టింది. తెర మీద ముందు తిరిగే ఫ్యాను, తర్వాత పక్కకు జారి ఆమె చేతులు కనిపించాయి. సూదిలో దారం ఎక్కించింది. పిల్లను దగ్గరికి లాక్కుని, గౌను విప్పకుండానే గుండీ కుట్టింది. కదలొద్దని కసిరింది. నేను కట్ చేయలేదు. ఆమె ముడి వేసి, పిల్ల మెడ దగ్గరికి వంగి, దారాన్ని పళ్లతో కొరికింది.